పాత పీఎస్2 గేమ్ డబ్బాకు ఇంట్లోనే కొత్త కవర్ ప్రింట్ చేసుకోవడం ఎలా

నిరుడు అటక మీద నుంచి దించిన అట్టపెట్టెలో మా పాత ప్లేస్టేషన్ 2 గేమ్‌లు బయటపడ్డాయి. డిస్కులన్నీ బాగానే ఉన్నాయి. ప్లాస్టిక్ డబ్బాలు కూడా, కాస్త దుమ్ము తుడిస్తే, బాగానే ఉన్నాయి. పాడైంది కవర్ కాగితాలే. గోడ చెమ్మ తగిలి కొన్ని అట్టకట్టుకుపోయాయి, రెండింటిని పురుగులు కొరికేశాయి. అంతకుముందు కొన్నేళ్లు కిటికీ పక్క అరలో ఉన్నవాటికి ఎండ తగిలి ఎరుపు, పసుపు పూర్తిగా వెలిసిపోయి నీలం మాత్రం మిగిలింది.

వాటిలో ఒకటి "దేశీ అడ్డా". కబడ్డీ, గాలిపటాల పందెం లాంటి మన ఆటలతో 2009లో వచ్చింది. చేసింది హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర. అదే ఏడాది హైదరాబాద్‌లోనే అరోనా టెక్నాలజీస్ చేసిన "హనుమాన్: బాయ్ వారియర్" కూడా పీఎస్2కే వచ్చింది. మన ఊళ్లో తయారై సోనీ డబ్బాలో అమ్ముడైన గేమ్‌లు ఇవి. అలాంటి డబ్బా ముఖం లేకుండా అరలో ఉండటం నాకు నచ్చలేదు. దానికి కొత్త కవర్ చేద్దామని కూర్చుంటే, నాలుగు కాగితాలు పాడయ్యాక అయిదోది సరిగ్గా కుదిరింది. ఆ నాలుగూ ఎందుకు పాడయ్యాయో తెలిసింది కాబట్టి మీకు మొదటి కాగితానికే కుదిరేలా చెప్పగలను.

పీఎస్2తోనే మొదలుపెట్టమనడానికి ఒక కారణం ఉంది. ఈ డబ్బా మామూలు డీవీడీ డబ్బా సైజు. కవర్ కాగితం వెడల్పు 273 మి.మీ., ఎత్తు 183 మి.మీ. ఏ4 కాగితం 297 × 210 మి.మీ. అంటే ఇంట్లో ఉండే మామూలు ప్రింటర్‌లోనే, అడ్డంగా పెట్టిన ఏ4 మీద, మొత్తం కవర్ ఒకే ముక్కగా పడుతుంది. స్కానర్ అద్దం మీద కూడా పడుతుంది. గేమ్‌క్యూబ్, ఎక్స్‌బాక్స్, ఎక్స్‌బాక్స్ 360 డబ్బాలది కూడా దాదాపు ఇదే సైజు. సెగా మెగా డ్రైవ్ డబ్బాలకు, అట్టపెట్టెల్లో వచ్చిన గేమ్‌లకు కొలతలు వేరు, కానీ పద్ధతి ఇదే.

ముందు ఏమేం కావాలి

ఇంక్‌జెట్ కలర్ ప్రింటర్ (ఇంక్ ట్యాంక్ ఉన్నదైతే ఖర్చు తగ్గుతుంది), ఏ4 స్కానర్, స్టీలు స్కేలు, బ్లేడు విరిచి వాడుకునే కట్టర్, కింద పెట్టుకోవడానికి కటింగ్ మ్యాట్, ఇంకు అయిపోయిన బాల్‌పెన్ ఒకటి. కటింగ్ మ్యాట్ లేకపోతే మందపాటి అట్ట చాలు. ప్లాస్టిక్ స్కేలు మాత్రం వద్దు, కట్టర్ బ్లేడు దాని అంచునే చెక్కేస్తుంది, ఆ తర్వాత ఒక్క కోతా తిన్నగా రాదు.

కంప్యూటర్‌లో బొమ్మ శుభ్రం చేయడానికి జింప్, పేజీ మీద కొలతల ప్రకారం పెట్టడానికి ఇంక్‌స్కేప్ వాడండి. రెండూ ఉచితమే. ఫొటోషాప్ వచ్చినవాళ్లు అదే వాడుకోవచ్చు.

1. డబ్బాను కొలవండి, కొలిచింది రాసుకోండి

పైన చెప్పిన 273 × 183 అన్నది అలవాటు కొలత. మీ డబ్బాకు అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉండొచ్చు. పాత కవర్ ఎంత చిరిగినా, బయటికి తీసి స్కేలుతో కొలవండి. కవర్‌లో మూడు భాగాలు ఉంటాయి. అచ్చు వైపు నుంచి చూస్తే ఎడమ పక్క వెనక అట్ట, మధ్యలో స్పైన్, కుడి పక్క ముందు అట్ట. స్పైన్ అంటే అరలో నిలబెట్టినప్పుడు కనిపించే సన్నటి పట్టీ. పీఎస్2 డబ్బాలకు అది 14 మి.మీ. రెండు అట్టలూ చెరో 129.5 మి.మీ. కలిపితే 273.

స్పైన్ కొలతను రెండుసార్లు చూసుకోండి. ముందు అట్టలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే ఎవరూ గుర్తుపట్టరు. స్పైన్‌లో ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే నలుపు పట్టీ ముందు అట్ట మీదికి వచ్చేస్తుంది, పేరు మధ్యలో ఉండదు, అరలో మిగతా గేమ్‌ల పక్కన పెట్టగానే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ పని మొత్తంలో నేను ఎక్కువ పట్టుబట్టేది ఆ 14 మిల్లీమీటర్ల దగ్గరే.

బజారులో దొరికే పల్చటి డీవీడీ డబ్బాలకు స్పైన్ ఇందులో సగమే ఉంటుంది. పాత డబ్బా విరిగిపోయి కొత్తది కొంటుంటే, "14 ఎం.ఎం. నలుపు" అని అడిగి తీసుకోండి. విరగకపోతే పాతదాన్నే ఉంచుకోండి. అసలు పీఎస్2 డబ్బాల్లో చాలావాటికి లోపల మెమరీ కార్డు పెట్టుకునే గూడు ఉంటుంది, మామూలు డీవీడీ డబ్బాలకు అది ఉండదు.

2. బొమ్మను సంపాదించడం

మీ పాత కవర్ కొద్దిగా చిరిగి ఉంటే దాన్నే స్కాన్ చేయండి. పూర్తిగా పోతే అదే గేమ్ ఉన్న స్నేహితుడి కవర్‌ను అడిగి తెచ్చుకోండి. ఫోన్‌తో ఫొటో తీస్తే అంచులు వంగుతాయి, ఒక మూల వెలుతురు ఒకలా, ఇంకో మూల ఇంకోలా ఉంటుంది, ఎంత సరిచేసినా కొలతలు నిలబడవు. స్కానర్ లేకపోతే జిరాక్స్ షాపులో స్కాన్ చేయించి పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోండి. వాళ్లు అలవాటుగా తక్కువ రిజల్యూషన్‌లో పీడీఎఫ్ చేసి ఇస్తారు. "600 డీపీఐలో, కలర్‌లో, టిఫ్ లేదా పీఎన్‌జీ ఫైలు కావాలి" అని ముందే చెప్పండి. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ లెక్క.

స్కాన్ చేసేటప్పుడు కవర్ వెనక ఒక నల్ల కాగితం పెట్టండి. లేకపోతే వెనక ఏదైనా అచ్చు ఉంటే నీడలా కనిపిస్తుంది. చెమ్మకు ముడతలు పడిన కాగితమైతే ముందు రోజు రాత్రి రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి బరువైన పుస్తకాల కింద ఉంచండి. ఇస్త్రీపెట్టె పెట్టొద్దు. అచ్చు పైపూత ఉన్న ఆర్ట్ పేపర్ వేడికి అంటుకుంటుంది.

కవర్ డబ్బా పైపొరకు అంటుకుపోయి ఉంటే బలంగా లాగకండి. లాగితే రంగు ఆ పొర మీదే ఉండిపోతుంది. డబ్బా ఎలాగూ మార్చాలనుకుంటే ఆ పారదర్శక పొరను అంచు వెంట కట్టర్‌తో కోసి, పొరనే కాగితం మీద నుంచి మెల్లగా ఒలవండి.

వేరేవాళ్ల స్కాన్ వాడుతుంటే అది ఏ దేశం కవరో చూసుకోండి. పాల్ (PAL, యూరప్, మన దేశం లాంటి చోట్ల టీవీ పద్ధతి) ప్రాంతపు పీఎస్2 డిస్కుల కోడ్ ఎస్‌ఎల్‌ఈఎస్ లేదా ఎస్‌సీఈఎస్ అని మొదలవుతుంది. అమెరికావి ఎస్‌ఎల్‌యూఎస్, ఎస్‌సీయూఎస్. అమెరికా కవర్ మీద వయసు గుర్తు ఈఎస్‌ఆర్‌బీది ఉంటుంది, 2003 తర్వాతి యూరప్ కవర్ల మీద పెగీది ఉంటుంది. మీ డిస్కు మీది కోడ్, కవర్ మీది కోడ్ ఒకటే కావాలి. పాల్ డిస్కుకు అమెరికా కవర్ వేస్తే చూడటానికి బాగానే ఉంటుంది కానీ అది మీ గేమ్ కవర్ కాదు.

3. బొమ్మను శుభ్రం చేయడం

ఓపిక కావలసిన చోటు ఇదే. ఒక సాయంత్రం కేటాయించుకోండి.

స్కాన్‌ను జింప్‌లో తెరిచి బాగా జూమ్ చేసి చూస్తే రంగులన్నీ చిన్న చిన్న చుక్కలుగా కనిపిస్తాయి. ఆఫ్‌సెట్ అచ్చు అలాగే ఉంటుంది. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు పక్కపక్కన పడి మన కంటికి రంగుగా కలుస్తాయి. ఆ చుక్కలను అలాగే వదిలేసి ప్రింట్ చేస్తే, ప్రింటర్ వేసే చుక్కలు వాటి మీద పడి అలలు అలలుగా గీతలు వస్తాయి. నా మొదటి కాగితం అలాగే పోయింది. స్క్రీన్ మీద అంతా బాగుంది, కాగితం మీద మాత్రం ఆకాశం నిండా దోమతెర కప్పినట్టు గీతలు.

అందుకే 600 డీపీఐలో స్కాన్ చేయమన్నాను. ముందు గాసియన్ బ్లర్ (బొమ్మను మసకబరిచే ఫిల్టర్) కొద్దిగా ఇవ్వండి. 2 పిక్సెళ్ల దగ్గర మొదలుపెట్టి, చుక్కలు కలిసిపోయే దాకా కొంచెం కొంచెం పెంచండి. ఆ తర్వాత బొమ్మను 300 డీపీఐకి తగ్గించి, కొద్దిగా షార్పెన్ చేయండి. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో "డీస్క్రీన్" అనే ఆప్షన్ ఉంటే అది కూడా ఇదే పని చేస్తుంది, కానీ చేత్తో చేస్తే ఎంత మెత్తబడాలో మన చేతిలో ఉంటుంది.

300 డీపీఐ దగ్గర 273 × 183 మి.మీ. అంటే సుమారు 3224 × 2161 పిక్సెళ్లు. మీ చేతికి వచ్చిన బొమ్మ ఇందులో సగం కూడా లేకపోతే దాన్ని సాగదీసి లాభం లేదు, మంచి స్కాన్ కోసం వెతకండి.

తర్వాత చిరుగులు, మడత గీతలు, ధర స్టిక్కర్ మచ్చలు. జింప్‌లో హీల్, క్లోన్ పనిముట్లతో పక్కనున్న రంగు తెచ్చి కప్పండి. వెనక అట్ట మీది చిన్న అక్షరాలు బ్లర్‌కు మసకబారతాయి. చదవలేనంతగా ఉంటే ఆ వాక్యాలను దగ్గరి ఫాంట్‌లో మళ్లీ టైపు చేసి అదే చోట పెట్టండి. బార్‌కోడ్‌ను, లోగోలను ముట్టుకోకండి.

వెలిసిపోయిన రంగుల విషయంలో ఒక మాట. నీలం మాత్రమే మిగిలిన కవర్‌లో ఎరుపును సాఫ్ట్‌వేర్‌తో పెంచితే కొంత తిరిగొస్తుంది కానీ మనుషుల ముఖాలు ఇటుక రంగులోకి తిరుగుతాయి. అలాంటప్పుడు మళ్లీ ఇంకో కవర్ స్కాన్ కోసం అడగడమే మంచిది. మామూలుగా కొద్దిగా పాలిపోయినదైతే లెవెల్స్ తెరిచి, కవర్ మీద అన్నిటికంటే నల్లగా ఉండాల్సిన చోటును నలుపుగా, తెల్లగా ఉండాల్సిన చోటును తెలుపుగా గుర్తించండి. సగం పని అక్కడే అయిపోతుంది.

చివరగా బ్లీడ్. ప్రెస్సులో అచ్చు వేసేటప్పుడు బొమ్మను కోత గీత దాటి 3 మి.మీ. బయటికి వేస్తారు, కోత కొంచెం అటూ ఇటూ అయినా తెల్ల అంచు కనబడకుండా. మీ స్కాన్ మాత్రం అప్పటికే కోసిన కాగితానిది, కాబట్టి ఆ 3 మి.మీ. అందులో ఉండదు. మీరే కలపాలి. కాన్వాస్‌ను నాలుగు వైపులా 3 మి.మీ. పెంచి (మొత్తం 279 × 189 మి.మీ.), అంచున ఉన్న రంగును క్లోన్‌తో బయటికి లాగండి. ఎలాగూ కోసి పారేసే భాగం, అందంగా లేకపోయినా ఫరవాలేదు, రంగు ఉంటే చాలు.

4. పేజీ మీద పెట్టడం

ఇంక్‌స్కేప్‌లో ఏ4 పేజీని అడ్డంగా, కొలతలను మిల్లీమీటర్లలో పెట్టుకోండి. బొమ్మను దిగుమతి చేసి వెడల్పు 279, ఎత్తు 189 అని అంకెల్లో టైపు చేయండి. మౌస్‌తో లాగి సరిపెట్టొద్దు. తర్వాత పేజీకి సరిగ్గా మధ్యలో పెట్టండి.

అప్పుడు గీతలు ఎక్కడ పడాలో ఇదిగో. పేజీ ఎడమ అంచు నుంచి 12 మి.మీ. దగ్గర కోత, 141.5 దగ్గర మడత, 155.5 దగ్గర రెండో మడత, 285 దగ్గర కోత. పై అంచు నుంచి 13.5 దగ్గర కోత, 196.5 దగ్గర కోత. ఈ ఆరు చోట్లా బొమ్మ బయట, తెల్ల జాగాలో, 5 మి.మీ. సన్నటి గీతలు గీయండి. బొమ్మ మీద గీత పడకూడదు. మీ డబ్బా కొలత వేరైతే ఈ అంకెలు కూడా మారతాయి, మళ్లీ లెక్క వేసుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. అక్కడి లెటర్ సైజు కాగితం వెడల్పు 279.4 మి.మీ. మాత్రమే. బ్లీడ్‌తో కలిపి బొమ్మ సరిగ్గా కాగితం అంచు దాకా వచ్చేస్తుంది, ప్రింటర్ అంత అంచు దాకా వేయలేదు. లీగల్ సైజు కాగితం తీసుకోండి, లేదా ఏ4 ప్యాకెట్ తెప్పించుకోండి.

పని అయ్యాక పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. షాపుకు తీసుకెళ్లినా, ఇంట్లో ప్రింట్ చేసినా పీడీఎఫ్ అయితే కొలతలు చెదరవు.

5. కాగితం ఎంచుకోవడం

మొదట అందరూ చేసే పొరపాటు మందపాటి ఫొటో పేపర్ కొనడం. నా రెండో కాగితం దానికే పోయింది. 230 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) గ్లాసీ ఫొటో పేపర్ మీద రంగులు చూడముచ్చటగా వచ్చాయి. స్పైన్ దగ్గర మడవగానే పైపూత పగిలి తెల్ల గీత పడింది. పైగా అంత మందం కాగితం డబ్బా పొరలోకి దూరడానికే మొరాయించింది, డబ్బా మూత సరిగ్గా పడలేదు.

120 నుంచి 180 జీఎస్‌ఎం మధ్య తీసుకోండి. ఇంక్‌జెట్ కోసం పూత వేసిన మ్యాట్ పేపర్ నాకు అన్నిటికంటే నచ్చింది. "మ్యాట్ అయితే మెరవదు కదా" అనిపించొచ్చు. డబ్బా మీది ప్లాస్టిక్ పొరే మెరుస్తుంది, దాని కింద మ్యాట్ కాగితం ఉన్నా గ్లాసీ ఉన్నా చూసేవాళ్లకు పెద్ద తేడా తెలియదు. పైగా తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో, కోస్తా వైపు ముఖ్యంగా, గ్లాసీ కాగితం కొన్నాళ్లకు ఆ పొరకు అంటుకుంటుంది. మ్యాట్‌తో ఆ భయం తక్కువ.

మామూలు 75 జీఎస్‌ఎం జిరాక్స్ కాగితం మీద ఇంకు పీల్చుకుని కాగితం అలలుగా వంగుతుంది. అది పరీక్షకే వాడండి.

ఒక హెచ్చరిక. ఇంక్‌జెట్ ఫొటో పేపర్‌ను లేజర్ ప్రింటర్‌లో ఎప్పుడూ పెట్టకండి. లేజర్ ప్రింటర్ లోపలి రోలర్ బాగా వేడెక్కుతుంది. కాగితం మీది పూత కరిగి రోలర్‌కు అంటుకుంటే ప్రింటర్‌కే ముప్పు. లేజర్‌కు ఆర్ట్ పేపర్ వేరే ఉంటుంది.

6. ముందు ఒక పరీక్ష ప్రింట్

మంచి కాగితం పెట్టే ముందు జిరాక్స్ కాగితం మీద ఒకటి తీయండి. ప్రింట్ పెట్టెలో "యాక్చువల్ సైజ్" లేదా "100%" ఎంచుకోండి. "ఫిట్ టు పేజ్" ఉంటే తీసేయండి. "బోర్డర్‌లెస్" కూడా వద్దు, అది అంచులు నింపడానికి బొమ్మను కొంచెం పెద్దది చేస్తుంది.

నా మూడో కాగితం ఒక షాపులో పోయింది. అక్కడి కుర్రాడు అలవాటు కొద్దీ ఫిట్ టు పేజ్ మీదే నొక్కాడు. బొమ్మ 97 శాతానికి తగ్గింది. వినడానికి తక్కువే అనిపిస్తుంది. 273 మి.మీ. కాస్తా 265 అయింది, డబ్బాలో పెడితే పక్కన 8 మి.మీ. ఖాళీ. అప్పటి నుంచి ఎక్కడ ప్రింట్ తీయించినా ముందు జేబులోంచి స్కేలు తీస్తాను.

పరీక్ష కాగితం మీద రెండు చివరి కోత గీతల మధ్య దూరం కొలవండి. 273 ఉండాలి. మడత గీతల మధ్య 14 ఉండాలి. ఉంటే ఆ కాగితాన్నే కోసి డబ్బాలో పెట్టి చూడండి. స్పైన్ మధ్యలో కూర్చుందా, పైన కింద బిగుతుగా ఉందా చూసుకోండి. బిగుతుగా ఉంటే ఎత్తులో అర మిల్లీమీటరు తగ్గించండి. ఇదంతా పదిహేను నిమిషాల పని.

7. అసలు ప్రింట్

ప్రింటర్ సెట్టింగుల్లో కాగితం రకాన్ని మీరు పెట్టిన కాగితానికి తగ్గట్టు మార్చండి. "ప్లెయిన్ పేపర్" అని వదిలేస్తే ప్రింటర్ ఇంకు లెక్క వేరేగా వేస్తుంది, రంగులు వెలవెలబోతాయి. క్వాలిటీ "హై". కాగితానికి ఒకవైపే పూత ఉంటుంది, ఆ వైపు మీ ప్రింటర్‌లో పైకి ఉండాలో కిందికి ఉండాలో ముందే చూసుకోండి. పూత వైపు కొంచెం తెల్లగా, నున్నగా ఉంటుంది.

స్క్రీన్ వెనక నుంచి వెలుగుతుంది కాబట్టి బొమ్మ స్క్రీన్ మీద కంటే కాగితం మీద ముదురుగా వస్తుంది. పీఎస్2 కవర్లు ఎక్కువగా చీకటి రంగులవే కావడంతో ఈ తేడా బాగా తెలుస్తుంది. మొత్తం పేజీ వేసే ముందు కవర్‌లో ఒక ముఖం, కొంత నలుపు, కొంత ఆకాశం కలిసొచ్చే చిన్న ముక్కను మూడు రకాల బ్రైట్‌నెస్‌తో పక్కపక్కన పెట్టి, అదే మంచి కాగితం ముక్క మీద ప్రింట్ చేసి చూడండి. పగటి వెలుగులో, కిటికీ దగ్గర చూసి ఎంచుకోండి. ట్యూబ్‌లైట్ కింద చూసి ఎంచుకుంటే పొద్దున్న వేరేలా కనిపిస్తుంది.

నలుపు స్పైన్ పట్టీ బూడిద రంగులో వస్తే నాజిల్స్ శుభ్రం చేసే ఆప్షన్ ఒకసారి నడపండి. చాలా రోజులు వాడని ఇంక్ ట్యాంక్ ప్రింటర్లకు ఇది మామూలే.

8. ఆరనివ్వడం

ప్రింట్ చేతికి రాగానే ఆరినట్టే ఉంటుంది. ఆరదు. లోపలి తేమ ఇంకా బయటికి వస్తూనే ఉంటుంది. అప్పుడే ప్లాస్టిక్ పొరలో బంధిస్తే పొర లోపల ఆవిరి పట్టినట్టు మసక వస్తుంది, కాగితం అంటుకుంటుంది. నాలుగో కాగితం ఇలా పోయింది, ఆగలేక గంటలోనే పెట్టేశాను. 24 గంటలు ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట, దుమ్ము పడకుండా, పరిచి ఉంచండి. వానాకాలమైతే రెండు రోజులు. అచ్చు వైపు వేలిముద్రలు పడకుండా అంచులు పట్టుకుని తీయండి. ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో రంగులకు ఎక్కువగా వాడేది డై ఇంకు, చెమట చెయ్యి తగిలితే చాలు చెరిగిపోతుంది.

9. కోయడం, మడత గీత వేయడం

మడత గీతే ముందు. గుర్తులు తెల్ల అంచు మీదే ఉన్నాయి, కోసేస్తే అవి పోతాయి. మడత గుర్తుల దగ్గర అంచు మీద సూదితో సన్నగా పొడవండి, వెనక వైపుకు తిప్పితే ఆ రంధ్రాలు కనిపిస్తాయి. వెనక తెల్లవైపున రంధ్రం నుంచి రంధ్రానికి స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో ఒకే ఒక్కసారి, మెల్లగా గీయండి. అచ్చు వైపు గీస్తే రంగు లేస్తుంది. డబ్బా స్పైన్ అంచులు కొంచెం గుండ్రంగా ఉంటాయి కాబట్టి గోటితో నొక్కి పదునుగా మడవాల్సిన అవసరం లేదు. కాగితానికి ఎటు వంగాలో తెలిస్తే చాలు.

ఇక కోత. స్కేలు కవర్ మీద ఉండాలి, కట్టర్ బయటి వైపు నడవాలి. చెయ్యి జారినా పోయేది పారేసే ముక్కే. కొత్త బ్లేడు విరవండి. ఒకేసారి బలంగా కోయకుండా తేలికగా మూడు నాలుగు సార్లు లాగండి. కోత మార్కు నుంచి మార్కుకు ఒకే గీతగా, మధ్యలో స్కేలు కదపకుండా. పిల్లలు చుట్టూ ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. నేనైతే రాత్రి వాళ్లు పడుకున్నాకే కోస్తాను.

10. డబ్బా శుభ్రం చేసి కవర్ పెట్టడం

పాత ధర స్టిక్కర్ల జిగురు మీద కొబ్బరినూనె రాసి పది నిమిషాలు వదిలేయండి. గుడ్డతో రుద్దితే ఊడొస్తుంది. తర్వాత సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరబెట్టండి, నూనె చుక్క మిగిలితే కొత్త కాగితం మరకపడుతుంది. థిన్నర్ వాడొద్దు, పారదర్శక పొర మసకబారొచ్చు.

డిస్కు, పుస్తకం తీసి పక్కన పెట్టి, డబ్బాను పూర్తిగా తెరిచి బల్ల మీద పరవండి. మూసి ఉన్నప్పుడు పొర బిగుసుకుని ఉంటుంది, తెరిస్తే వదులవుతుంది. పొర పై అంచు తెరిచి ఉంటుంది. కవర్‌ను అటు నుంచి రెండు చేతులతో, ఎడమ మూల కొంచెం, కుడి మూల కొంచెం, మార్చి మార్చి కిందికి జరపండి. మధ్యలో ఎక్కడైనా ఆగితే తొయ్యకండి, బయటికి లాగి మళ్లీ మొదలుపెట్టండి. చివరిదాకా దిగాక డబ్బాను మెల్లగా మూసి, స్పైన్ పక్కలకు జరిగి ఉంటే తెరిచి సర్దండి.

ఇంట్లో ప్రింటర్ లేకపోతే

డిజిటల్ ప్రింటింగ్ షాపులో కలర్ లేజర్ మీద, 130 లేదా 170 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్ మీద తీయించుకోవచ్చు. హైదరాబాద్‌లో అయితే ఖైరతాబాద్ దగ్గరి చింతల్‌బస్తీ అంతా ప్రింటింగ్ ప్రెస్సులే. వాళ్లు పెద్ద షీటు మీద వేస్తారు, కాబట్టి ఒక్కటి కాకుండా రెండు మూడు కవర్లు ఒకే షీటులో పెట్టి ఇస్తే ఖర్చు కలిసొస్తుంది. లేజర్ టోనర్ మడత దగ్గర పగలొచ్చు, అందుకే స్పైన్ గీతకు క్రీజింగ్ (మెషీన్‌తో మడత గీత నొక్కడం) చేయమని అడగండి. లామినేషన్ వద్దనండి. మందం పెరిగి డబ్బాలో దూరదు.

పీఎస్1 డబ్బా అయితే

అది సీడీ డబ్బా. మామూలు మందం డబ్బా అయితే కొలతలు ఇవి, మందం ఎక్కువున్నదైతే కొలిచి చూసుకోండి. ముందు కాగితం 120 × 120 మి.మీ., వెనకది 151 × 118 మి.మీ. వెనకదానికి రెండు పక్కలా 6.5 మి.మీ. స్పైన్లు ఉంటాయి, రెండూ పైకి మడవాలి. రెండు ముక్కలూ ఒకే ఏ4 మీద పక్కపక్కన పడతాయి. ఇక్కడ మడత పదునుగానే ఉండాలి, కాబట్టి మందం కాగితం అసలు పనికిరాదు. వెనక కాగితం పెట్టాలంటే లోపలి ట్రేను ఊడదీయాలి. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, ఒక మూల నుంచి మెల్లగా లేపండి.

రీప్రింట్ అని రాయండి

కవర్ బొమ్మ హక్కులు ఆ గేమ్ వేసినవాళ్లవి. మీ దగ్గరున్న మీ గేమ్‌కు, మీ డబ్బాలో పెట్టుకోవడానికి ఒక కాగితం తీసుకోవడం వేరు, తీసి అమ్మడం వేరు. అమ్మొద్దు. అంతకంటే నాకు ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. ఎప్పుడో మీరు ఆ గేమ్‌ను ఎవరికైనా ఇచ్చేస్తారు, లేదా అమ్ముతారు. కొనేవాడు దాన్ని అసలు కవర్ అనుకుని ఎక్కువ డబ్బు పెట్టకూడదు. అందుకే కవర్ డబ్బాలో పెట్టే ముందే వెనక తెల్లవైపు, కింది మూలన, పెన్సిల్‌తో "రీప్రింట్" అని, నెల, సంవత్సరం రాయండి. బయటికి కనిపించదు, తీసి చూసినవాడికి తెలుస్తుంది.

చిరిగిన పాత కవర్‌ను పారేయకండి. నేను దాన్ని మడవకుండా, ప్లాస్టిక్ ఫోల్డర్‌లో, ఒక తెల్ల కాగితం మధ్య పెట్టి ఫైల్‌లో ఉంచాను. 600 డీపీఐ స్కాన్, శుభ్రం చేసిన ఫైలు, చివరి పీడీఎఫ్, మూడింటినీ గేమ్ పేరు, డిస్కు కోడ్‌తో ఒక ఫోల్డర్‌లో పెట్టి, రెండో కాపీ వేరే హార్డ్ డిస్క్‌లో వేశాను. "దేశీ అడ్డా" పూర్తయింది. పురుగులు కొరికిన ఆ రెండింటికీ ఇంకా మంచి స్కాన్ దొరకలేదు, అడుగుతూనే ఉన్నాను.